పదమూడుకు పదమూడూ గెలిచినా...

ర్యాంకు అంటే ఏమిటో మన తెలుగు తల్లులకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఎంసెట్ ఫలితాలొచ్చాయంటే పేపర్ల నిండా పిల్లల ఫొటోలు, కింద అంకెలు. ఆ పరీక్ష పేరు ఈఏపీసెట్ అని మారినా మన నోట్లో మాత్రం ఇంకా ఎంసెట్టే. పక్కింటావిడ కూడా "మీవాడికెంత వచ్చింది?" అంటుందే కానీ "ఎలా రాశాడు?" అని అడగదు. అయితే ఎంత విసుక్కున్నా ఆ ర్యాంకు వెనకాల ఒక పరీక్ష ఉంది, మార్కులున్నాయి.

పరీక్షే పెట్టకుండా, పదిమంది పెద్దమనుషులు ఒక గదిలో కూర్చుని "మా ఉద్దేశంలో ఈ పిల్లాడు మొదటివాడు, ఆ పిల్లాడు అయిదోవాడు" అని తేల్చేస్తే? ఆ అయిదోవాడికి ఇక పై పరీక్ష రాసే అవకాశమే లేదంటే? మనం ఊరుకుంటామా!

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ జట్లకు చాలాకాలం పాటు జరిగింది దాదాపు ఇదే. "ఎక్కడో అమెరికాలో ఆట, దాంతో మనకేం పని?" అంటారేమో. మన ఇళ్ళ పిల్లలు ఎంతమంది అక్కడి యూనివర్సిటీల్లో లేరు! ఆగస్టు చివర్నుంచి డిసెంబర్ మొదటి వారం దాకా శనివారాలు ఫోన్ చేస్తే, వెనక నుంచి హోరు వినిపిస్తుంది. "ఇవాళ మా కాలేజీ మ్యాచ్ అమ్మా, తర్వాత చేస్తా" అని పెట్టేస్తారు. ఆ హోరు వెనక కథేమిటో మనమూ తెలుసుకుందాం.

కాలితో తన్నే ఆట కాదు

ముందుగా ఒక మాట. ఇది మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తుతారు, విసురుతారు. తలకు హెల్మెట్లు, భుజాలకు దిళ్ళలాంటి కవచాలు. జట్టుకు పదకొండు మంది. బంతిని అందుకుని ఎవరికి విసరాలో, ఎటు నడపాలో నిర్ణయించే కుర్రాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. జట్టుకు అతనే గుండెకాయ. ఆడేవాళ్ళంతా పద్దెనిమిది నుంచి ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ పిల్లలు.

చిక్కంతా ఎక్కడొచ్చిందంటే, పెద్ద విభాగంలోనే నూట ముప్పైకి పైగా జట్లున్నాయి. ఒళ్ళు హూనమయ్యే ఆట కనక వారానికి ఒకటి మించి ఆడలేరు. సీజన్ మొత్తం మీద ఒక్కో జట్టు ఆడేది పన్నెండు ఆటలు. అంటే చాలా జట్లు ఒకదానికొకటి ఎదురుపడనే పడవు. మరి ఎవరు గొప్ప అని తేల్చేదెలా? అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ అనే సంస్థ మిగతా ఆటలకు పోటీ పెట్టి విజేతను తేలుస్తుంది కానీ, ఈ పెద్ద విభాగం ఫుట్‌బాల్‌కు మాత్రం తానుగా ఛాంపియన్‌షిప్ పెట్టలేదు. ఖాళీగా ఉన్న ఆ కుర్చీలో ఓట్లు వచ్చి కూర్చున్నాయి.

ఏపీ వారి ఓట్లు

1936లో ఏపీ వాళ్ళు ఈ ఓట్లు మొదలుపెట్టారు. ఏపీ అంటే మన ఆంధ్రప్రదేశ్ కాదండోయ్, అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తాసంస్థ! ఆటల వార్తలు రాసే విలేకరులు వారం వారం తమ జాబితా పంపుతారు. అసలు ఉద్దేశం పేపర్లలో ఆటల పేజీ మీద జనానికి ఆసక్తి పెంచడమే. ఆ ఏడాది మిన్నెసోటా జట్టుకు మొదటి స్థానం దక్కింది.

ఈ పద్ధతి ఇప్పటికీ ఉంది. అరవై మందికి పైగా విలేకరులు ఒక్కొక్కరు పాతిక జట్ల జాబితా ఇస్తారు. మొదటి స్థానానికి 25 పాయింట్లు, రెండోదానికి 24, అలా చివరిదానికి ఒకటి. అన్నీ కూడితే ర్యాంకులు. 1950 నుంచి కోచ్‌లు కూడా విడిగా ఓట్లేయడం మొదలుపెట్టారు.

ఇక తమాషాలు చూడండి. మొదట్లో ఈ ఆఖరి ఓటింగు, జనవరి ఒకటో తారీఖు ప్రాంతంలో జరిగే పెద్ద ఆటలకు ముందే అయిపోయేది. వాటిని బౌల్ ఆటలంటారు. 1964లో అలబామాను విలేకరులు ప్రథమ జట్టుగా ప్రకటించేశారు. ఆ తర్వాత ఆరెంజ్ బౌల్‌లో అలబామా టెక్సాస్ చేతిలో ఓడిపోయింది. అయినా కిరీటం కిరీటమే! 1973లో ఇదే అలబామాకు ఈసారి కోచ్‌లు పట్టం కట్టారు. షుగర్ బౌల్‌లో నోటర్ డేమ్ ఒక్క పాయింటు తేడాతో, 24-23తో, ఓడించింది. పెళ్ళిచూపులకు ముందే తాంబూలాలు పుచ్చుకున్నట్టయింది. నవ్వులపాలయ్యాక మరుసటి ఏడాది నుంచి కోచ్‌లు కూడా బౌల్ ఆటలయ్యాకే ఓట్లేయడం మొదలుపెట్టారు.

విలేకరులది ఒక మాట, కోచ్‌లది మరో మాట అయితే? ఒకే ఏడాదికి ఇద్దరు ఫస్టులు! 1990లో కొలరాడో, జార్జియా టెక్. 1991లో మయామి, వాషింగ్టన్. 1997లో మిచిగన్, నెబ్రాస్కా. ఎవరి ఊళ్ళో వాళ్ళు "మేమే ఫస్టు" అని ఊరేగారు.

మనుషుల మాట నమ్మలేమని 1998లో కంప్యూటర్లను కూడా కలిపారు. ఓట్లూ, కంప్యూటర్ లెక్కలూ కలిపి పై రెండు జట్లకు ఆఖరి ఆట పెట్టారు. 2003 సీజన్‌లో ఏమైందో తెలుసా? విలేకరులు, కోచ్‌లు కూడా మొదటి స్థానం ఇచ్చిన సదరన్ కాలిఫోర్నియా జట్టు, లెక్కలన్నీ కలిపేసరికి మూడోదయింది. ఆఖరి ఆటలో చోటే దక్కలేదు. ఆ ఆటలో ఎల్ఎస్‌యూ గెలిచింది, విలేకరులు మాత్రం సదరన్ కాలిఫోర్నియాకే ఓటేశారు. మళ్ళీ ఇద్దరు ఫస్టులు. కంప్యూటరైనా చెప్పేది మనిషి దానికి నేర్పిన లెక్కే కదా!

"ఆడదానికేం తెలుసు?"

ఇలా కాదని 2014 నుంచి పద్ధతి మార్చారు. పదమూడు మందితో ఒక కమిటీ. వాళ్ళు డల్లాస్ దగ్గర గ్రేప్‌వైన్ అనే ఊళ్ళో ఒక హోటల్లో కూర్చుని చర్చించి, ఓట్లేసుకుని ర్యాంకులిస్తారు. ఎంత గట్టి జట్లతో ఆడారు, ఎదురుపడినప్పుడు ఎవరు గెలిచారు వంటివన్నీ చూస్తారు. తమ సొంత యూనివర్సిటీ సంగతి వచ్చినప్పుడు ఆ సభ్యులు గది బయటికి వెళ్ళిపోవాలి. పై నాలుగు జట్లకే టైటిల్ కోసం ఆడే హక్కు.

మొట్టమొదటి కమిటీలో ఒకే ఒక్క మహిళ. ఎవరనుకున్నారు? అమెరికా విదేశాంగ మంత్రిగా పనిచేసిన కాండొలీజా రైస్. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో పెద్ద పదవి చేసిన మనిషి. తండ్రి హైస్కూల్ పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పినవాడు. చిన్నప్పట్నుంచి ఆ ఇంట్లో ఈ ఆట మాటలే. 2013లో ఆమె పేరు ప్రకటించగానే కొందరు మగవాళ్ళకు ఒళ్ళు మండింది. మైదానంలో దిగి ఆడనివాళ్ళకు ఆట ఎలా అర్థమవుతుందని ఒక మాజీ కోచ్ బాహాటంగానే అన్నాడు.

దేశాల మధ్య తగవులు చూసినావిడకు రెండు జట్ల మధ్య తేడా తెలియదట! 1936 నుంచీ పేపర్లలో కూర్చుని ఓట్లేస్తున్న విలేకరులంతా హెల్మెట్ పెట్టుకుని ఆడినవాళ్ళా? అప్పుడు రాని ప్రశ్న చీఫ్ జడ్జి కుర్చీలో కాదు, పదమూడు కుర్చీల్లో ఒక్కదాన్లో ఒక ఆడమనిషి కూర్చునేసరికి వచ్చింది. రైస్ వాదులాటకు దిగలేదు. వెళ్ళి కూర్చుని తన పని తను చేశారు.

ఒకే కమిటీ... రెండు న్యాయాలు

ఆ మొదటి ఏడాదే, 2014లో, టెక్సాస్ క్రిస్టియన్ యూనివర్సిటీ జట్టు మూడో ర్యాంకులో ఉంది. ఆఖరి ఆటలో 55-3తో గెలిచింది. ఇంకేం, చోటు ఖాయం అనుకున్నారు. తెల్లారేసరికి ఆరో స్థానం! గెలిచి కిందికి జారడమంటే అదే మరి. ఆ నాలుగో చోటు ఒహాయో స్టేట్‌కు దక్కింది. ఆ జట్టులో మొదటి క్వార్టర్‌బ్యాక్ సీజన్ మొదలవకముందే గాయపడ్డాడు. రెండోవాడు సీజన్ చివర్లో గాయపడ్డాడు. ఇక మూడోవాడే గతి. ఆ మూడోవాడే ముందు 59-0తో విస్కాన్సిన్ మీద గెలిపించి నాలుగో చోటు తెచ్చాడు, తర్వాత అలబామాను, ఒరెగాన్‌ను ఓడించి ఛాంపియన్లను చేశాడు. జట్టంటే ఒక్కడు కాదని కమిటీ కళ్ళముందే రుజువైంది.

తొమ్మిదేళ్ళ తర్వాత, 2023. ఫ్లోరిడా స్టేట్ జట్టు పదమూడు ఆటలాడింది. పదమూడూ గెలిచింది. తమ గ్రూపులో ఛాంపియన్ కూడా. నవంబర్‌లో వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ కాలికి తీవ్రమైన గాయమైంది. అతను లేకుండానే ఇంకో రెండు ఆటలు కూడా గెలిచారు. డిసెంబర్‌లో ర్యాంకులు వచ్చాయి... అయిదో స్థానం! ఒక ఆట ఓడిన అలబామాకు నాలుగోది. ట్రావిస్ లేని జట్టు, ఉన్నప్పటి జట్టు ఒకటి కాదన్నది కమిటీ వాదన. ఈ కమిటీ పద్ధతి వచ్చాక, పెద్ద గ్రూపుల్లో ఓటమి లేకుండా ఛాంపియనైన జట్టును ఇలా బయట నిలబెట్టడం అదే మొదటిసారి.

ఆ పిల్లలంతా ఒక గదిలో చేరి టీవీలో ఈ ప్రకటన చూశారు. తర్వాత ట్రావిస్ ఏమన్నాడో వింటే ఏ తల్లికైనా కడుపు తరుక్కుపోతుంది. తన కాలు సీజన్ మొదట్లోనే విరిగి ఉంటే బాగుండేదన్నాడు. అప్పుడైనా ఈ జట్టు క్వార్టర్‌బ్యాక్ ఒక్కడే కాదని అందరూ చూసేవారట. కాలు విరిగినందుకు కాదు, ఆలస్యంగా విరిగినందుకు బాధపడ్డాడు ఆ కుర్రాడు!

ఆ తర్వాత ఆరెంజ్ బౌల్‌లో ఫ్లోరిడా స్టేట్ 63-3తో జార్జియా చేతిలో చిత్తుగా ఓడింది. "చూశారా, మేం చెప్పలేదూ?" అన్నవాళ్ళున్నారు. కానీ ఆ ఆటకు ముఖ్యమైన ఆటగాళ్ళు చాలామంది దిగనే లేదు. తలుపు మూసేశాక ఇంక దేనికోసం ఆడాలి?

ఆరో ర్యాంకు ఫస్టయింది

2024 నుంచి నాలుగు కాదు, పన్నెండు జట్లకు అవకాశమిచ్చారు. ఏమైందో చూడండి. గ్రూపు ఛాంపియన్లలో పైన ఉన్న నాలుగు జట్లకు మొదటి రౌండు ఆడనక్కర్లేకుండా నేరుగా క్వార్టర్ ఫైనల్లో చోటిచ్చారు. ఆ నాలుగూ ఆడిన మొదటి ఆటలోనే ఇంటిదారి పట్టాయి! అప్పటిదాకా ఓటమి ఎరుగని నంబర్ వన్ ఒరెగాన్‌ను 41-21తో ఓడించింది ఒహాయో స్టేట్. 2025 జనవరి 20న ఆఖరి ఆటలో నోటర్ డేమ్ మీద 34-23తో గెలిచి ఛాంపియనయింది కూడా ఒహాయో స్టేటే. కమిటీ దానికిచ్చిన ర్యాంకు ఎంతో తెలుసా? ఆరు. పాత పద్ధతే ఉంటే దానికి గడప దాటే అవకాశమే లేదు. ఆ ఏడాది అసలైన విజేత ఇంట్లో కూర్చుని టీవీ చూసేది.

దీన్నిబట్టి పాత ఏళ్ళలో అయిదో స్థానంలో, ఆరో స్థానంలో ఆగిపోయిన జట్లలో ఎన్ని ఇలా గెలిచి ఉండేవో అనిపించడం లేదూ?

ర్యాంకులే వద్దని నేననడం లేదు. నూట ముప్పై జట్లుంటే ఎక్కడో ఒకచోట గీత గీయాల్సిందే. పన్నెండు తీసుకుంటే పదమూడోవాళ్ళు ఏడుస్తారు, అదీ నిజమే. కానీ కబుర్లకోసం ఇచ్చే ర్యాంకు వేరు, తలుపు మూసే ర్యాంకు వేరు. విలేకరుల జాబితా పేపర్లో చదివి వాదించుకోవచ్చు, ఎవరికీ నష్టం లేదు. ఒక పిల్లాడి ఏడాది కష్టాన్ని అంకెతో ఆపేసేటప్పుడు మాత్రం ఆ అంకె ఎవరిచ్చారు, ఏం చూసి ఇచ్చారు, నిరుడు ఇంకొకరికి ఇదే కొలత వాడారా అని అడిగి తీరాలి. ఫ్లోరిడా స్టేట్ పిల్లల తరఫున లక్షలమంది అడిగారు. అప్పటికే ఖాయమైన పన్నెండు జట్ల పద్ధతి వాళ్ళకు ఒక్క ఏడాది ఆలస్యంగా వచ్చింది.

మన దగ్గరా అంతే. ఒకే ర్యాంకర్ ఫొటో రెండు సంస్థల ప్రకటనల్లో కనిపించినప్పుడు నవ్వి పేజీ తిప్పేస్తాం. ఆ పిల్లాడు ఏ సంస్థలో ఏ కోర్సు చదివాడో ప్రకటనలో చెప్పి తీరాలని 2024 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నిబంధనలు కూడా తెచ్చింది. ఈసారి ఫీజు కట్టే కౌంటర్ దగ్గర నిలబడ్డప్పుడు ఆ మాట అడిగి చూడండి. "మీకు తెలియదు మేడమ్" అని ఎవరైనా అంటే, కాండొలీజా రైస్‌కు కూడా అదే చెప్పారని గుర్తు తెచ్చుకుని, కుర్చీ లాక్కుని కూర్చోండి.