వీపున చినుకులు

ముదురాకుపచ్చ వీపు. దాని మీద, వాన వెలిశాక ఆకున నిలిచిన చినుకుల్లా, తెల్లని చుక్కల వరసలు. కాస్త పక్కకి తిరిగిందంటే ఆ పచ్చదనంలోంచి రాగి ఎరుపు లేస్తుంది. కామెరూన్, నైజీరియా అడవుల్లో తిరిగే పెంకుపురుగు ఇది. పొడవు రెండున్నర సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ. 1789లో ఫ్రెంచి కీటక శాస్త్రవేత్త ఒలివియే దీనికి ‘గుట్టాటా’ అని పేరుపెట్టాడు. లాటిన్‌లో ‘గుట్టా’ అంటే బొట్టు. ఇప్పటి పూర్తి పేరు స్టెఫనోరైనా గుట్టాటా. నోరు తిరగకపోయినా ఫరవాలేదు, ఆ బొట్టు గుర్తుంటే చాలు.

ఆ మెరిసే పచ్చదనం పూసిన రంగు కాదు. పెంకులో కంటికి ఆనని పలుచటి పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. వాటిని తాకి వెనక్కి మళ్లే వెలుగులో పచ్చని కిరణాలు కలిసి బలపడతాయి, తక్కినవి సన్నగిల్లిపోతాయి. అందుకే మనం చూసే వైపు మారితే రంగూ మారుతుంది. ఈ జాతి పురుగులు మ్యూజియం పెట్టెల్లో గుండుసూదికి గుచ్చి వందేళ్లయినా వెలిసిపోనిది అందుకే.

నన్ను మరీ ఆశ్చర్యపరిచేది దీని ఎగురుడు. మన కొబ్బరితోటల్లోని కొమ్ముపురుగును చూడండి: ఎగరాలంటే ముందు పైనున్న గట్టి రెక్కలు రెండూ ఎత్తి చాపాలి. మన చినుకుల పురుగు పూలపురుగుల వంశానిది, వాటికి ఆ అవసరం లేదు. పైరెక్కల అంచున, భుజానికి కాస్త కింద, చిన్న నొక్కు ఉంటుంది. అసలు రెక్కలు ఆ సందులోంచి పక్కకి జారి విచ్చుకుంటాయి. మూత మూసినట్టే ఉంటుంది, పురుగు మాత్రం జుమ్మని పువ్వు మీంచి లేచిపోతుంది!

ఇంత సొగసుకత్తె బాల్యమంతా కుళ్లిన మానుల్లోనూ ఆకుల ఎరువులోనూ గడుస్తుంది. తెల్లగా, లావుగా, చుట్టుకుపోయిన పిల్లపురుగు. పైకి తీసి నేల మీద పెడితే కాళ్లు ఆకాశానికి ఎత్తి వెల్లకిలా పాకుతుంది. కాళ్లున్నా వాటిని వాడదు. వీపు మీది బిరుసు వెంట్రుకలే నేలను పట్టుకుని ముందుకు నెడతాయి.

బాగా తిని పెరిగాక మట్టినీ తన పెంటికలనూ కలిపి, గుడ్డులాంటి గూడు కట్టుకుని లోపల మూసుకుపోతుంది. వెలుగు చొరని ఆ చీకట్లోనే పాత ఒళ్లు కరిగి కొత్త ఒళ్లు పోసుకుంటుంది. గోడ పగలగొట్టుకుని బయటికొచ్చేసరికి, ఇంకా ఏ వానలోనూ తడవని ఆ వీపు మీద చినుకులన్నీ వరసగా ఉంటాయి.