దవడ కీలు అతుక్కుపోతే



ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో పిల్లలు మిద్దె మీద నుండో, ఎద్దుల బండి మీద నుండో పడి గడ్డానికి దెబ్బ తగిలించుకోవడం మామూలే. రెండు కుట్లు వేయించి మరచిపోతాము. కానీ ఆ అదురుకు చెవి ముందున్న దవడ కీలు వద్ద ఎముక విరగవచ్చు. కీలులో రక్తం చేరి, బిడ్డ నొప్పికి నోరు కదపకపోతే, కొన్ని నెలల్లో అక్కడ కొత్త ఎముక పెరిగి దవడ పుర్రెకు అతుక్కుపోతుంది. దీనిని యాంకిలోసిస్ అంటారు. చెవిలో చీము కారే జబ్బును అశ్రద్ధ చేసినా ఇది రావచ్చు.

గుర్తించడం ఎలా?

బిడ్డ తన మూడు వేళ్లను ఒకదానిపై ఒకటిగా నిలువుగా నోటిలో పెట్టుకోగలగాలి. ఒక వేలు కూడా పట్టకపోతే ఆలస్యం చేయకండి. జొన్న రొట్టె, ఉగ్గాని తినలేక బిడ్డ గంజితోనే బ్రతుకుతుంది. పళ్లు పుచ్చుతాయి. దవడ ఎదగక గడ్డం వెనక్కి పోతుంది. నిద్రలో గురక పెడుతూ ఊపిరి ఆగి ఆగి వస్తుంటే అది ప్రాణాపాయమని తెలుసుకోండి.

చికిత్స

మాత్రలతో, మర్దనతో అతుకు విడిపోదు. శస్త్రచికిత్స ఒక్కటే మార్గం. నోరు తెరుచుకోదు కనుక సన్నని కెమెరా సాయంతో ముక్కు గుండా గొట్టం వేసి మత్తు ఇస్తారు. అందుకే కర్నూలు వంటి చోట పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి. చెవి ముందు కోసి, అతుకును తొలగించి, ఆ ఖాళీలో కణత కండరపు పొరను అమర్చుతారు. ఎదిగే పిల్లలకు పక్కటెముక ముక్కను కూడా వాడతారు. బల్ల మీదనే నోరు 35 మిల్లీమీటర్లు తెరుచుకునేలా చూస్తారు. ముఖ నరం దగ్గరగా ఉన్నందున కొందరికి కొంతకాలం కనుబొమ్మ సరిగా లేవకపోవచ్చు.

ఖర్చు విషయమై డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ వర్తిస్తుందేమో ఆసుపత్రిలోని వైద్యమిత్రను అడగండి.

అసలు పని ఇంటి వద్దే

డాక్టరు చెప్పిన రోజు నుండి, పళ్ల మధ్య ఐస్ పుల్లలు ఒక్కొక్కటిగా పెంచుతూ రోజూ పలుమార్లు నోరు తెరిపించాలి. ఇది కొన్ని నెలలు, ఒక్కోసారి ఏడాదికి పైగా సాగాలి. బిడ్డ ఏడుస్తుంది. పాపమని మానేస్తే ఎముక మళ్లీ పెరుగుతుంది, రెండవ ఆపరేషన్ మొదటిదానికన్నా కష్టం. సుగ్గికి గుంటూరు వైపు పోయే తల్లిదండ్రులారా, ఆ పుల్లలను కూడా మూటలో కట్టుకొని పొండి. బిడ్డను ఊర్లో వదిలి వెళ్తే ఈ పని అవ్వకు నేర్పి పొండి.

ఇక గడ్డానికి దెబ్బ తగిలిన ప్రతి బిడ్డనూ వెంటనే డాక్టరుకు చూపించండి. చెవి ముందు నొప్పి ఉన్నా, నోరు తెరిచినప్పుడు దవడ పక్కకు పోతున్నా ఆ మాట తప్పక చెప్పండి.