నేపాల్ ఆకు టీ: మరిగించకండి, నాననివ్వండి

పశుపతినాథ్, ముక్తినాథ్ యాత్రలు చేసి వచ్చేవారు రుద్రాక్షలతో పాటు ఒక టీ పొట్లం కూడా తెస్తూ ఉంటారు. ఇంటికి రాగానే ఆ ఆకును మామూలు టీపొడిలాగే పాలు, పంచదార వేసి తెగ మరిగిస్తారు. రంగు రాలేదు, చిక్కదనం లేదు, డబ్బు దండగ అని పొట్లాన్ని మూల పడేస్తారు. తప్పంతా కాచే పద్ధతిలోనే ఉంది. ఈ ఆకును సరిగా వాడుకుంటే నాలుకకు రుచి, ఒంటికి మేలు కూడాను.

నేపాల్ తూర్పు కొసన, డార్జిలింగును ఆనుకొని ఇలాం జిల్లా ఉంది. అక్కడ 1863లో తేయాకు తోట వేశారు. ఇలాం, పాంచ్‌థర్, ధన్‌కుటా కొండలలో ఆకును వాడబెట్టి, మెలిపెట్టి, గాలి తగలనిచ్చి ఆరబెడతారు. దిగువన ఝాపా మైదానంలో మాత్రం ఎక్కువగా మన టీపొడిలాగా యంత్రాలతో చీల్చి గుండ్లుగా చేస్తారు. అది సి.టి.సి. రకం. కాబట్టి పొట్లం మీద నేపాల్ పేరు ఉంటే చాలదు. ‘ఆర్థడాక్స్’ లేదా ‘హోల్ లీఫ్’ అని ఉన్నదేమో చూసి కొనండి.

ఆకు మెలితిరిగి, పొడవుగా, ఇంచుమించు ఒకే తీరుగా ఉండాలి. అడుగున దుమ్ము, పుల్లలు ఎక్కువగా ఉండరాదు. వేళ్ళతో నలిపితే పెళుసుగా విరగాలి. మెత్తగా వంగితే చెమ్మ తగిలిందన్నమాట. మార్చి, ఏప్రిల్ నెలల ఆకు తేలిక, పూలవాసన గలది. మే, జూన్ ఆకుకు రంగు, రుచి ఎక్కువ. మొదటిసారి కొనేవారికి ఇదే నచ్చుతుంది. రంగు కలిపారని అనుమానం వస్తే, వడపోత కాగితం మీద కాస్త ఆకు పరచి నీళ్ళు చిలకరించండి. కొంతసేపటికి ఆకు తీసేసి, కాగితాన్ని కుళాయి కింద కడగండి. మరక మిగిలితే ఆ సరుకు వాడకండి.

ఇక కాచే పద్ధతి. మనిషికి సుమారు 2 గ్రాముల ఆకు, అంటే నిండు చెంచాడు, ఒక గిన్నెలో వేయండి. 150 నుంచి 200 మిల్లీలీటర్ల నీళ్ళు తెర్లించి, దింపి, ఒక నిమిషం ఆగి ఆకు మీద పోసి మూత పెట్టండి. 3 నిమిషాల తర్వాత వడగట్టండి. గ్రీన్ టీ అయితే నీళ్ళు 80 డిగ్రీలకు చల్లారాక పోసి, రెండు నిమిషాలలోనే వడగట్టాలి. అదే ఆకుతో రెండోసారి కూడా కాచుకోవచ్చు. మిగిలిన ఆకును గాలి, వెలుతురు తగలని డబ్బాలో, పోపుల వాసనకు దూరంగా ఉంచండి.

ఇందులో ఒంటికి మేలేమిటంటారా? మరిగించనందువల్ల వగరు, చేదు తక్కువ. అందుచేత పంచదార అక్కరలేదు. రోజుకు నాలుగు కప్పులు, కప్పుకు రెండు చెంచాల పంచదార వేసుకునేవారి లెక్క చూడండి. చెంచాకు 4 గ్రాముల చొప్పున 32 గ్రాములు! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పినదాని ప్రకారం రోజుకు 25 గ్రాములు మించకపోతే మరీ మంచిది. మధుమేహం ఉన్నవారికీ, ఒళ్ళు పెరుగుతున్నవారికీ ఈ మార్పు ఎంత ఉపయోగమో వేరే చెప్పనవసరం లేదు. ఒక్కసారిగా మానలేనివారు వారానికి అర చెంచా చొప్పున తగ్గించండి.

కొన్ని జాగ్రత్తలు తప్పవు. టీలోని వగరు పదార్థాలు అన్నం, పప్పు, ఆకుకూరలలోని ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత కనిపించింది. కనుక భోజనానికీ టీకీ మధ్య కనీసం గంట వ్యవధి ఉంచండి. ఇనుము మాత్రలను, థైరాయిడ్ మాత్రలను టీతో మింగకండి, మంచినీళ్ళతోనే వేసుకోండి. కప్పు టీలో సుమారు 30 నుంచి 50 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. గర్భిణులు కాఫీతో కలిపి రోజుకు 200 మిల్లీగ్రాములు దాటకుండా చూసుకోవాలి. నిద్రపట్టనివారు సాయంత్రం తర్వాత మానడం మంచిది. పొగలు కక్కే టీ గుటకలు వేయడం గొప్ప కాదు. 65 డిగ్రీలు మించిన వేడి పానీయాలు అన్నవాహికలో క్యాన్సరుకు కారణం కావచ్చునని 2016లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ హెచ్చరించింది.

చివరిగా ఒక మాట. గ్రీన్ టీ అయినా, వైట్ టీ అయినా మందు కాదు. అది తాగుతున్నాం గదా అని షుగరు మాత్రలు, రక్తపోటు మాత్రలు ఆపకండి. సన్నబడతామని గ్రీన్ టీ సారంతో చేసిన మాత్రలు మింగకండి. వాటివల్ల కొందరికి కాలేయం దెబ్బతిన్నది. ఆకును ఆకుగానే, నీళ్ళలో నానబెట్టి, పంచదార లేకుండా, భోజనానికి దూరంగా తాగండి. అంతకు మించి దాని నుంచి ఏమీ ఆశించవద్దు.