వేడినీరు ఎందుకు చాలదు?

ఉప్పల్, నాచారం ప్రాంతాలలో కార్తీకం దాటి చలి ముదిరినదంటే ఇంటింటా వినవచ్చే మాట ఒకటి ఉన్నది. "గీజరు ఉన్నదన్న పేరే గాని, ఇద్దరు స్నానం చేసేసరికి నీళ్లు చల్లబడిపోతున్నవి" అన్నదే ఆ మాట. ఆ మొదటి ఇద్దరూ ఆఫీసుకో, కాలేజీకో పరుగెత్తేవారు. చన్నీళ్లు మిగిలేది ఇంటిల్లిపాదికీ వండిపెట్టి చివరకు స్నానానికి వెళ్లే ఇల్లాలికి, పొద్దెక్కితే గాని లేవలేని వృద్ధులకు. కనుక దీనిని అల్ప విషయమని తోసివేయడానికి వీలులేదు. ఇందులో రెండు లెక్కలు, ఒక రసాయనిక ధర్మం, ఒక ప్రమాదం ఇమిడి ఉన్నవి. వాటిని ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

మొదటిది పాత్ర లెక్క. పూర్వం పెరటిలో పొయ్యిమీద కాగు ఉండేది. ఎందరు స్నానం చేస్తారో చూచి దానిని నింపేవారు. చెంబుతో ముంచినకొద్దీ నీరు తరగడం కంటికి కనిపించేది. గీజరులో ఆ తరుగు కనిపించదు. పైభాగంనుండి ఒక లీటరు వేడినీరు బయటికి పోయినప్పుడల్లా అడుగుభాగంలోకి ఒక లీటరు చన్నీరు వచ్చి చేరుతుంది. తొట్టి సదా నిండుగానే ఉంటుంది; అందులోని వేడి మాత్రమే తరిగిపోతుంది.

25 లీటర్ల గీజరులో నీరు 60 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో ఉన్నదనుకుందాం. స్నానానికి 40 డిగ్రీలు చాలును. చలికాలపు ఉదయాన మేడమీది ట్యాంకులోని నీరు 20 డిగ్రీలు ఉంటే, వేడినీటికి సమానంగా చన్నీరు కలపవలె. అప్పుడు మొత్తం 50 లీటర్లు, అనగా మామూలు బకెట్లతో రెండున్నర సిద్ధమవుతుంది. అదే ఏప్రిల్‌లో ట్యాంకు నీరు 30 డిగ్రీలు ఉంటే, ఆ 25 లీటర్లకు 50 లీటర్ల చన్నీరు కలుపుకొనవచ్చును. మొత్తం 75 లీటర్లవుతుంది. గీజరు మారలేదు, ఋతువు మారినది. నిజానికి తొట్టిలోపలనే వేడినీరూ చన్నీరూ కొంత కలిసిపోతవి కాబట్టి ఈ లెక్కలో కొంత కోత పెట్టుకోవలె. ఇక నిమిషానికి 8 నుండి 10 లీటర్లు విడిచే షవరు క్రింద నిలబడితే, ఆ 50 లీటర్లు ఐదారు నిమిషాల ముచ్చట.

రెండవది కాలపు లెక్క. 2000 వాట్ల తీగచుట్ట 25 లీటర్ల నీటిని 20 నుండి 60 డిగ్రీలకు తేవడానికి సుమారు 35 నిమిషాలు పడుతుంది. ఒకరి వెనుక ఒకరు పదేసి నిమిషాలలో స్నానానికి వెళ్లితే గీజరు ఎట్లు అందుకోగలదు? పైగా ఉదయం అందరూ ఒక్కసారిగా గీజర్లు వేయడంవల్ల వోల్టేజి 230 నుండి 200కు దిగినదనుకోండి. తీగకు అందే శక్తి వోల్టేజి వర్గాన్ని అనుసరించి తగ్గుతుంది. 2000 వాట్లు 1500 దగ్గరకు పడిపోతవి. 35 నిమిషాల పని 46 నిమిషాలవుతుంది. "ఇన్‌స్టంట్" అనే చిన్న గీజర్లకూ ఈ లెక్క తప్పదు. 3000 వాట్ల చిన్న గీజరు 20 డిగ్రీల నీటిని 40కి తెచ్చి ఎడతెగకుండా ఇవ్వగలిగినది నిమిషానికి రెండు లీటర్ల పైచిల్లర మాత్రమే. ధార పెంచితే వేడి తగ్గును. వేడి పెంచితే ధార సన్నగిల్లును.

ఈ రెండు లెక్కలూ అన్ని ఊళ్లకూ వర్తించేవే. ఉప్పల్, నాచారం వాసులలో పలువురికి వీటికితోడు మరొక కారణం ఉన్నది. అది బోరునీరు.

హైదరాబాదు నగరం సుమారు 250 కోట్ల సంవత్సరాలనాటి నల్లసేనపు రాతిమీద, అనగా గ్రానైటుమీద వెలసినది. ఆ గట్టి రాయి నీటిని పీల్చుకోదు. పైన శిథిలమైన పొరలోను, లోతున ఉన్న పగుళ్లలోను మాత్రమే నీరు నిలుస్తుంది. ఉప్పల్ రోడ్డున ఉన్న, 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారికి ఇటువంటి రాతిలోని నీటి సంచారం చిరకాల పరిశోధనా విషయం. పగుళ్లలో నెమ్మదిగా కదలే నీరు కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరగించుకొంటుంది. దానినే కఠినజలం అంటారు. కృష్ణాజలాలు 2004 నుండి, గోదావరి జలాలు 2015 నుండి నగరానికి వస్తున్నవి గాని, నల్లానీరు చాలని ఇళ్లలో బోరు తప్పడం లేదు. పెక్కు అపార్టుమెంట్లలో రెండునూ ఒకే సంపులో కలుస్తున్నవి. త్రాగునీటి జాతీయ ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు ఉండదగినది. వేరే గతి లేనిచోట 600 వరకు అనుమతి. ఆ 600కు చేరువైన నీటితో పప్పు సరిగా ఉడకదు, సబ్బు నురగ కట్టదు, గీజరు సుఖపడదు.

ఈ నీరు కాగినప్పుడు అందులోని బైకార్బొనేటు విడిపోయి, సున్నపురాయివంటి కాల్షియం కార్బొనేటు పేరుకొంటుంది. నీరు కాచే గిన్నె అడుగున కనిపించే తెల్లని పొర ఇదే. లీటరుకు 100 మిల్లీగ్రాములే విడిపోయినా, రోజుకు 40 లీటర్లు కాచే ఇంటిలో ఏడాదికి కిలోన్నరకు చేరువవుతుంది. అందులో కొంత నీటితోపాటు బయటికి పోయినా, మిగిలినది తక్కువ కాదు.

ఇక్కడ ఒక అపోహను తొలగించవలె. పొర కట్టిన తీగ కరెంటును తక్కువగా తీసుకొంటుందని పలువురి నమ్మకం. అట్లు కాదు, అది తీసుకొనే శక్తి ఇంచుమించు అంతే. కాని పొర అడ్డుపడటంవల్ల వేడి నీటిలోకి త్వరగా దిగక, తీగ మితిమీరి కాగి త్వరలోనే కాలిపోతుంది. తీగ ప్రక్కనే గొట్టంలో ఉండే థర్మోస్టాట్ ఆ స్థానికమైన వేడిని చూచి, నీరంతా కాగినదని భ్రమపడి, ముందుగానే కరెంటు ఆపివేస్తుంది. దీపం ఆరిపోవును గాని నీరు గోరువెచ్చగానే ఉండును. అడుగున పేరుకొన్న సున్నం నీటి చోటును కూడా ఆక్రమిస్తుంది. 25 లీటర్ల గీజరు క్రమంగా తన పేరుకు తగనిదవుతుంది.

ఇక ప్రమాదం మాట. ఇదే సున్నం రక్షణ కవాటంలో, అనగా సేఫ్టీ వాల్వులో చేరితే అది బిగిసిపోతుంది. థర్మోస్టాట్ కూడా చెడి కరెంటు ఆగకపోతే, లోపలి ఒత్తిడికి దారి ఉండదు. తొట్టి పగిలే ప్రమాదం ఉన్నది. వేడినీరు చాలకపోవడం అసౌకర్యం మాత్రమే. కవాటం బిగిసిపోవడం ప్రాణసంకటం. వాల్వునుండి నీటి చుక్కలు కారుతున్నవని దానికి బిరడా బిగించడం ఎన్నడూ కూడదు.

కనుక గృహస్థులకు మేము చెప్పదగినవి కొన్ని. ఏటా చలికాలానికి ముందే తెలిసిన మెకానిక్కుచేత కరెంటు తీయించి, తొట్టి ఖాళీచేయించి, సున్నం తీయించండి. వాల్వును, ఎర్తు తీగను, తుప్పును తనమీదికి తీసుకొనే మెగ్నీషియం కడ్డీని చూపించండి. వేడిని 60 డిగ్రీల దగ్గర ఉంచండి. అంతకు మించినకొద్దీ కలుపుకొనే నీరు పెరుగును గాని సున్నమూ పెరుగుతుంది. వేడినీరు, చన్నీరు కలిసే కుళాయి రెండు వైపులా తెరచి, చేతిషవరు మాత్రమే మూసి ఉంచకండి. చన్నీరు వేడినీటి గొట్టంలోకి ఎదురెక్కుతుంది. కొత్తగా ఇల్లు కట్టేవారు నల్లానీటి ట్యాంకునుండి గీజరుకు వేరుగా గొట్టం వేయించుకొంటే సగం బాధ తప్పుతుంది. భూగర్భజలం చలికాలంలో వెచ్చగా ఉంటుంది కాబట్టి, బోరే గతి అయినవారు ట్యాంకును రాత్రి కాక తెల్లవారుజామున నింపడం మేలు.

ఖర్చులేని ఉపాయం మరొకటి ఉన్నది. ఇద్దరి స్నానం తరువాత అరగంట విరామం ఇచ్చి, ఆ అరగంట తరువాతి మొదటి వంతు ఇంటిలోని పెద్దవారికి కేటాయించండి. పెద్ద గీజరు కొనే ఆలోచన ఆ తరువాత చేయవచ్చును.