చేత్తో కుట్టే కిల్ట్

స్కాట్లండ్ మగవాళ్ళు నడుముకు చుట్టుకునే గళ్ళ ఉన్ని వస్త్రం కిల్ట్. 1746లో బ్రిటన్ ప్రభుత్వం హైలాండ్స్ ప్రాంతంలో ఈ వేషాన్ని నిషేధించింది. 1782లో ఆ నిషేధం ఎత్తేశారు. సైన్యానికి మాత్రం మొదటినుంచీ మినహాయింపు ఉంది. కుచ్చెళ్ళను కదలకుండా కుట్టేసే పద్ధతి 1790ల నాటి సైనిక కిల్ట్‌లలో కనిపిస్తుంది.

నేటి సంప్రదాయ కిల్ట్‌కు 8 గజాల బట్ట పడుతుంది. పెద్ద పన్నా బట్టయితే 4 గజాలు కొని, నిలువునా రెండుగా కత్తిరించి, అతుకు ఏదో ఒక కుచ్చె లోపల దాగేలా కలుపుతారు. పలచటి బట్ట చవకేగానీ దానిమీద ఇస్త్రీ మడత నిలవదు, అందుకే కొత్తవాళ్ళకూ మందపాటి ఉన్నే మేలు. కిందివైపు మడిచి కుట్టడం ఉండదు. మగ్గం మీద వచ్చిన నేత అంచే మోకాలి దగ్గర కనిపిస్తుంది. పొడవు సరిచేయాలంటే పైనుంచే చేయాలి.

ముందు రెండు చదును పొరలు, వెనక కుచ్చెళ్ళు. కష్టమంతా వెనకే. చీర కుచ్చెళ్ళు దోపుకుంటే సరిపోతుంది, వీటిని మాత్రం లెక్కకట్టి కుట్టాలి. పిరుదుల చుట్టుకొలత 40 అంగుళాలు, నడుము 34 అనుకుందాం. వెనక సగానికి 25 కుచ్చెళ్ళు పెడితే, ఒక్కొక్కటి పిరుదుల దగ్గర 0.8 అంగుళం, నడుము దగ్గర 0.68 అంగుళం వెడల్పు ఉండాలి. తేడా 3 మిల్లీమీటర్లే. కుచ్చెకు ఒక్క మిల్లీమీటరు తప్పినా మొత్తం మీద అంగుళం పోతుంది. అందుకే సూది పట్టకముందు టేపు, గుర్తులు పెట్టే సబ్బుముక్కలతోనే చాలాసేపు గడుస్తుంది.

గళ్ళ వరస వెనక కూడా చెదరకుండా మడవడం ఒక పద్ధతి. ప్రతి కుచ్చె మధ్యలో ఒకే చార వచ్చేలా మడవడం మరొకటి, సైనిక దళాలకు ఇదే ఇష్టం. చార పద్ధతిలో కుట్టు ఏమాత్రం వంకర పోయినా ఇట్టే బయటపడుతుంది. నేర్చుకునేవాళ్ళకు అది ఒకరకంగా మంచిదే.

పిరుదుల నుంచి నడుము దాకా మడత అంచును కింది బట్టకు పైవైపు నుంచే సన్నటి కుట్లతో పట్టిస్తారు. గడి రంగు మారినచోట దారం రంగూ మారుస్తారు. పిరుదుల నుంచి కిందికి కుచ్చెళ్ళు విడిగా ఊగుతాయి, పని పూర్తయ్యేవరకు మాత్రం కచ్చాకుట్లతో బంధించి ఉంచుతారు. లోపల మిగిలిన దళసరి బట్టను కత్తిరించి, బరువుకు సాగకుండా కాన్వాస్ వేసి, నూలు లైనింగ్ కుడతారు. పట్టీలు, బకిల్స్ బిగించి, తడిగుడ్డ పరిచి గట్టిగా ఇస్త్రీ చేశాకే కచ్చా దారాలు తీస్తారు.