అందరికీ ఒకే ఉత్తరం పంపితే సమానమేనా?

ఈ వారం మన ప్రజారోగ్య శాఖ గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. సార్నియాని ఆనుకొని ఉన్న పాయింట్ ఎడ్వర్డ్‌లో దీని ఆఫీసు ఉంది. లాంబ్టన్ కౌంటీ దీన్ని నడుపుతుంది. పిల్లల టీకాల లెక్క, హోటళ్ళ తనిఖీ, బాలింతలకు సలహాలు, ఇవన్నీ చూసేది వీళ్ళే.

ముందుగా ఒక ఉదాహరణ. గుంటూరు నుంచి ఒక కుటుంబం వచ్చి, పాపను ఇక్కడి బడిలో చేర్పించిందనుకోండి. కొన్నాళ్ళకు ఉత్తరం వస్తుంది. టీకాలు పూర్తిగా లేవు, సరిచేయకపోతే 20 రోజుల దాకా బడికి రానివ్వకపోవచ్చు అని. తల్లి గుండె ఝల్లుమంటుంది. "అన్నీ వేయించానే!" అంటుంది.

ఆమె మాటలో అబద్ధం లేదు. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో తట్టు, రూబెల్లా టీకా మొదటి డోసు తొమ్మిది నెలలు నిండాక వేస్తారు. ఒంటారియోలో మొదటి పుట్టినరోజు నాటి నుంచి వేసినదే లెక్కలోకి వస్తుంది. పైగా అక్కడి ప్రభుత్వ టీకాలో గవదబిళ్ళలకు మందు ఉండదు. ఇక్కడి చట్టం అదీ అడుగుతుంది. తప్పు తల్లిదీ కాదు, కార్డుదీ కాదు. రెండు చోట్ల పద్ధతులు వేరు, అంతే.

ఇప్పుడామె ఫోను చేస్తే అవతలివారు ఏమంటారన్నదే అసలు సంగతి. "రూలు ఇదండీ" అని పెట్టేయవచ్చు. లేదా, "మీ ఇండియా కార్డు తీసుకురండి, కలిసి చూద్దాం. మీ భాషలో చెప్పేవాళ్ళు కావాలా?" అని అడగవచ్చు. మొదటిది అందరికీ ఒకే మాట చెప్పడం. రెండోది ఎవరికి కావలసింది వారికి అందేలా చూడడం. దీన్నే హెల్త్ ఈక్విటీ అంటున్నారు. మనం ఆరోగ్యంలో సమన్యాయం అనుకుందాం.

ఇది ఒకరిద్దరి మంచితనానికి వదిలేసే పని కాదు. 2011లో ఒంటారియో ప్రభుత్వం అప్పటి 36 ప్రజారోగ్య విభాగాలకు ఇద్దరేసి నర్సుల చొప్పున ప్రత్యేకంగా డబ్బిచ్చింది. పేదరికం, ఇల్లు, చదువు, ఉద్యోగం ఆరోగ్యాన్ని ఎలా మారుస్తాయో గమనించి పని చేయడం వాళ్ళ బాధ్యత. మంచి అడుగే. కానీ పెళ్ళిలో వడ్డనంతా ఇద్దరి మీద పెడితే చివరి పంక్తికి ఏమందుతుంది? 2018 నాటి ఒంటారియో ప్రజారోగ్య ప్రమాణాలు ఈ సమన్యాయాన్ని పునాదుల్లో ఒకటిగా చేర్చాయి. అంటే అది ప్రతి కార్యక్రమంలోనూ ఉండాలి.

అలా జరగాలంటే ఆఫీసులో ఏం మారాలి? ఫోను ఎత్తేవారికి శిక్షణ కావాలి. పరాయి దేశపు కార్డు చదవడానికి నర్సుకు తగినంత సమయమివ్వాలి. కెమికల్ వ్యాలీలో షిఫ్టు చేసే తండ్రి రాగలిగే వేళకు క్లినిక్కు పెట్టే అధికారం ఎవరికో ఒకరికి ఉండాలి. ఎంతమంది వచ్చారన్నదే కాదు, ఎవరు రాలేదన్నదీ పై అధికారి లెక్క చూడాలి. "ఈ ఫారం జనానికి అర్థం కావడం లేదు" అని చెప్పిన ఉద్యోగి మాట వినాలి. లోపలివాళ్ళకే నోరు విప్పే ధైర్యం లేకపోతే, బయటివాళ్ళకు న్యాయం ఎక్కడిది?

ఇక మన వంతు. ఇండియా టీకా కార్డు పారేయకండి. ఇంగ్లీషు ఇబ్బందైతే మీ భాషలో చెప్పేవాళ్ళను అడగండి. పదేళ్ళ పిల్లచేత ఆరోగ్య విషయాలు చెప్పించకండి. లాంబ్టన్ కాలేజీలో చదివే మన పిల్లలు, నర్సింగు, ప్రజారోగ్యం చదివి వచ్చినవాళ్ళు ఈ శాఖ ఉద్యోగాలకేసి కూడా చూడండి. 2026 జనవరి 1 నుంచి ఒంటారియోలో 25 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు, తమ ప్రకటనల్లో కెనడా అనుభవం తప్పనిసరి అని అడగకూడదు.

కౌంటరుకు ఇవతల నిలబడి భయపడినవాళ్ళలో ఒకరు రేపు అవతల కూర్చుంటే, ఆ ఉత్తరం రాసే తీరే మారుతుంది. సెలవు.