1.25 అంటే ఎంత? ఏఐ ఏజెంటుకు టూల్ వివరణ రాయడం ఎలా

ప్రశ్న: తణుకు చుట్టుపక్కల రైతుల పొలం, ధాన్యం లెక్కలకు ప్రోగ్రాం రాయడానికి ఏఐ కోడింగ్ ఏజెంటును పెట్టుకుని, దానికి కొన్ని టూల్స్ (అది పిలిచి వాడుకునే చిన్న ప్రోగ్రాములు) ఇచ్చామనుకోండి. టూల్స్‌లో ఏ లోపమూ లేదు. అయినా ఏజెంటు ఒకటి పిలవాల్సిన చోట ఇంకోటి పిలుస్తుంది, తప్పు విలువలు పంపుతుంది. ఎందుకు?

మామూలుగా టూల్ లోపలి కోడు ఏజెంటు ముందుండదు కాబట్టి. టూల్ పేరు, దాని వివరణ, అది తీసుకునే విలువల పట్టిక: మోడల్‌కు చేరేవి ఇవే. 2023 జూన్‌లో ఓపెన్‌ఏఐ తెచ్చిన ఫంక్షన్ కాలింగ్‌లోనూ, 2024 నవంబరులో ఆంత్రోపిక్ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లోనూ పద్ధతి ఇదే.

ఇప్పుడు ‘పొలం విస్తీర్ణం’ అనే టూల్ చూద్దాం. వివరణ ఒక్క ముక్క: ‘పొలం విస్తీర్ణం ఇస్తుంది.’ జవాబు 1.25 అని వచ్చింది. తణుకులో ఎవరినడిగినా ఎకరం పాతిక సెంట్లు అంటారు. ఎకరానికి 100 సెంట్లు కాబట్టి దశాంశం చక్కగా అతుకుతుంది. కానీ తెలంగాణలో లెక్క ఎకరాలు, గుంటల్లో. ఎకరానికి 40 గుంటలు. అక్కడి పద్ధతిలో రాసిన 1.25 ఎకరం 25 గుంటలవుతుంది. అంటే 1.625 ఎకరాలు. అంకె అదే, తేడా ముప్పై ఏడున్నర సెంట్లు! మనిషైతే ఆగి అడుగుతాడు. ఏజెంటు చాలాసార్లు అడగదు. ఏదో ఒకటి అనుకుని కోడు రాసేస్తుంది, ఆ అనుకున్నదాని మీదే పరీక్షలూ రాస్తుంది. అవి పాసవుతాయి కూడా.

దిగుబడి దగ్గరా ఇదే గొడవ. గోదావరి డెల్టాలో రైతు చెప్పేది 75 కిలోల బస్తాల్లో, ప్రభుత్వం మద్దతు ధర ప్రకటించేది క్వింటాలుకు. రైతుకు సార్వా, దాళ్వా. కాగితాల్లో ఖరీఫ్, రబీ. ‘2025 దాళ్వా’ అని రైతు చెప్పే పంట రికార్డులో 2024-25 రబీ. ఊళ్లో అందరికీ తెలిసినవే కాబట్టి రాయాలని మనకు తట్టదు. వివరణల్లో ఎక్కువ లోపాలు ఇక్కడే పుడతాయని నా అభిప్రాయం.

ఎలా రాయాలి? ఆ టూల్‌కే ఇలా రాసి చూడండి: ‘గ్రామం, సర్వే నంబరు ఇస్తే కమతం విస్తీర్ణం ఎకరాల్లో చెబుతుంది. 1.25 అంటే ఎకరం 25 సెంట్లు, గుంటలు కాదు. ఒకే సర్వే నంబరు చాలా ఊళ్లలో ఉంటుంది, అందుకే గ్రామం తప్పనిసరి. రైతు పేరుతో వెతకాలంటే ‘రైతు వెతుకు’ టూల్ వాడాలి. రికార్డు లేకపోతే సున్నా రాదు, ‘దొరకలేదు’ అని వస్తుంది.’

ఇందులో నాకు అన్నిటికన్నా విలువైనది ఎప్పుడు వాడకూడదో చెప్పిన వాక్యం. అలాంటి వాక్యం లేకుండా ‘డేటా తెచ్చు’, ‘రికార్డు తెచ్చు’ అని రెండు టూల్స్ పక్కపక్కనే ఉంటే కొత్తగా చేరిన గుమస్తా కూడా తడబడతాడు.

అలాగని పేజీలు నింపకండి. వివరణలు సంభాషణ పొడవునా మోడల్ వెంట ఉంటాయి, ఖర్చూ పెరుగుతుంది. తెలుగు లిపి చాలా మోడళ్లలో ఇంగ్లీషు కన్నా ఎక్కువ టోకెన్లు (మోడల్ పాఠాన్ని విడగొట్టుకునే ముక్కలు) తింటుంది. అందుకే వివరణ ఇంగ్లీషులో రాసి, దాళ్వా లాంటి మాటలకు మాత్రం అర్థం చెప్పడం మేలు. బాధే, కానీ లెక్క అలా ఉంది.

కొన్నిచోట్ల ఎంత రాసినా చాలదు, టూల్‌నే మార్చాలి. ఎస్‌డబ్ల్యూఈ-బెంచ్ అనే కోడింగ్ పరీక్ష కోసం ఏజెంటు తయారుచేసినప్పుడు ఆంత్రోపిక్ ఇంజనీర్లకు ఇదే ఎదురైంది. ఏజెంటు వేరే ఫోల్డరులోకి వెళ్లాక ఫైలు దారి తప్పుగా ఇస్తోంది. వాళ్లు ఎప్పుడూ మూల ఫోల్డరు నుంచి పూర్తి దారే ఇవ్వాలని టూల్‌ను మార్చారు, తప్పులు ఆగాయి. మన టూల్‌లో కూడా ‘విస్తీర్ణం’ బదులు ‘విస్తీర్ణం ఎకరాల్లో’ అని పేరు పెట్టవచ్చు. పంటకాలానికి ఖరీఫ్, రబీ తప్ప ఇంకేదీ తీసుకోకుండా బిగించవచ్చు. అప్పుడు ఏజెంటు ‘దాళ్వా’ అని పంపితే ఉత్త ‘ఎర్రర్’ అనకుండా ‘దాళ్వా అంటే రబీ, అలా పంపండి’ అని జవాబివ్వాలి. అది చదివి తనే దిద్దుకుంటుంది.

రికార్డు చెరిపే టూల్ సంగతి వేరు. దాని వివరణలో ‘జాగ్రత్త’ అని ఎన్నిసార్లు రాసినా ఏజెంటు ఏదో ఒకనాడు పిలవవచ్చు. మనిషి సరేనన్నాకే నడిచేలా ఆ అడ్డు కోడులోనే పెట్టండి.